ఇరుక్కున్న ఖోకా

వంటింట్లో స్టీలు గ్లాసులు ఒకదానిలో ఒకటి ఇరుక్కొనడం ప్రతి ఇంటిలోనూ జరిగేదే. ఇద్దరు మనుషులు చెరొకవైపు పట్టి లాగినా ఊడిరాని గ్లాసులు, లోపలిదానిలో చన్నీళ్ళు పోసి వెలుపలిదానిని వేన్నీళ్ళలో ఉంచితే నిమిషంలో విడివడతాయి. ఈ ఉపాయాన్ని మన తల్లులు ఏ ఇంజనీరింగు కళాశాలలోనూ అభ్యసించలేదు. ఇరుక్కున్న వస్తువును విడిపించడానికి ముందు, అది ఎక్కడ, ఎందుకు పట్టుకొని ఉన్నదో తెలుసుకోవాలన్న సత్యాన్ని వారు అనుభవం వల్ల గ్రహించారు. ఇదే సత్యం ఒక చిన్న రైఫిల్ విషయంలో మాకు ఎదురుపడిన తీరును పాఠకులతో పంచుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము ఇంజనీరింగు చదివే రోజులలో ఎన్.సి.సి.లో చేరి 'సి' సర్టిఫికెట్ పొందినవారము. ఆ రోజులలో మా చేతికి అందిన ఆయుధం .22 బోర్ రైఫిల్. పాత .303 రైఫిల్ దేహానికి సన్నని బోర్ గల బ్యారెల్‌ను అమర్చి, శిక్షణ కోసం రూపొందించినది అది. బయటకు మాగజీన్ పెట్టె కనిపిస్తుంది కాని అందులో తూటాలు నింపడానికి వీలు లేదు. ఒక్కొక్క తూటానూ చేతితో చాంబర్‌లో పెట్టి, బోల్టు మూసి, పేల్చాలి. పేలిన తరువాత బోల్టు వెనక్కు లాగితే ఖాళీ తొడుగు బయటకు వచ్చి ఆ పెట్టెలో పడుతుంది. ఈ ఖాళీ తొడుగునే మన సైనిక పరిభాషలో 'ఖోకా' అంటారు. ఎన్ని తూటాలు ఇచ్చారో అన్ని ఖోకాలు లెక్కకు వచ్చేవరకు రేంజి నుండి ఎవరూ కదలరాదు. ఒక్క ఖోకా కోసం గడ్డి పరకలు లెక్కపెడుతూ సాయంకాలం వరకు వెదకిన అనుభవం మా వయసు కేడెట్లందరికీ ఉన్నదే.

2018 డిసెంబరులో మన టౌన్‌షిప్ పాఠశాల కేడెట్లకు ఫైరింగ్ శిక్షణ జరిగింది. పాత కేడెట్లమన్న అభిమానంతో నిర్వాహకులు మమ్మల్ని కూడా రమ్మన్నారు. అంతర్ బెటాలియన్ పోటీకి బాలికల జట్టును ఎన్నుకొనవలసిన రోజు అది. 25 గజాల దూరం నుండి ఐదు తూటాలు. ఐదు రంధ్రాలు ఎంత దగ్గరగా పడితే అంత మెరుగు. మా సహోద్యోగి ఒకరి కుమార్తె, తొమ్మిదవ తరగతి చదివే బాలిక, రెండు తూటాలు చక్కగా పేల్చింది. మూడవ తూటా పేలిన తరువాత బోల్టు వెనక్కు వచ్చింది గాని ఖోకా రాలేదు. శిక్షకుడైన హవల్దార్ గారు రైఫిల్ మూతిని లక్ష్యం వైపే ఉంచి, లోపల ఉన్నది పేలిన తొడుగే అని రూఢి చేసుకొని, మూతి వైపు నుండి శుభ్రపరిచే కడ్డీతో దానిని నెట్టివేశారు. నాలుగవ తూటాకూ అదే గతి పట్టింది. ఆమె వంతు అంతటితో ముగిసింది. రిజిస్టరులో ఆమె పేరు ఎదుట 'బోల్టు పూర్తిగా లాగలేకపోవుట' అన్న వ్యాఖ్య పడింది.

ఆడపిల్ల చేతిలో బలం చాలదన్నది ఆ వ్యాఖ్యకు తాత్పర్యం. అక్కడ ఉన్నవారిలో ఎవరికీ అది అన్యాయంగా తోచలేదు. ఆ బాలిక మాత్రం మా దగ్గరకు వచ్చి, "అంకుల్, నేను బోల్టు పూర్తిగానే లాగాను. ఆ రైఫిల్‌లో తూటా లోపలికి వెళ్ళేటప్పుడే బిగుతుగా ఉంది. బొటనవేలితో నొక్కవలసి వచ్చింది" అన్నది. కళ్ళలో నీళ్ళు ఉన్నాయి కాని మాటలో తడబాటు లేదు. నాలుగు తూటాలు స్వహస్తంతో పెట్టిన మనిషి చెప్పిన సాక్ష్యం అది. ఆ మాటను మేము జేబు పుస్తకంలో వ్రాసుకున్నాము.

ఆనాడే మరొక రైఫిల్‌లో కూడా ఒకసారి ఖోకా ఆగింది. మరునాడు బెటాలియన్ ఆర్మరర్ వచ్చారు. తెలుగువారే, ప్రకాశం జిల్లావారు. ఖోకా అంచును పట్టి లాగే చిన్న కొక్కెమును ఎక్స్‌ట్రాక్టర్ అంటారు. రెండు రైఫిళ్ళకూ ఎక్స్‌ట్రాక్టర్‌నూ దాని స్ప్రింగునూ కొత్తవి వేశారు. పరీక్షగా పేల్చి చూస్తే ఫలితం మారలేదు. కొత్త కొక్కెము మరింత బలంగా లాగడం వల్ల ఒక ఖోకా అంచు కొద్దిగా వంగింది కూడా. "ఇంక చేయగలిగింది లేదు సార్, వర్క్‌షాప్‌కు పంపడమే" అన్నారు ఆర్మరర్ గారు. పంపే ముందు ఆ రెండు రైఫిళ్ళ ఖోకాలను ఒకసారి చూడనిమ్మని మేము కోరాము. వారు సంతోషంగా అంగీకరించారు.

ఇక్కడ కొంత శాస్త్రం చెప్పక తప్పదు. .22 తూటా తొడుగు సుమారు 15.6 మిల్లీమీటర్ల పొడవు, 5.7 మిల్లీమీటర్ల వ్యాసం గల పలుచని ఇత్తడి గొట్టం. పేలినప్పుడు లోపల పుట్టే పీడనం మనం పీల్చే గాలి పీడనానికి 1,600 రెట్ల వరకు ఉండవచ్చు. ఆ పీడనానికి ఇత్తడి ఉబ్బి చాంబర్ గోడకు అంటుకుపోతుంది. అట్లు అంటుకొనడం లోపం కాదు. వేడి వాయువు వెనక్కు వచ్చి కాల్చేవాని కంటికి తగలకుండా కాపాడేది ఆ అంటుకొనడమే. గుండు బ్యారెల్ దాటిపోగానే పీడనం తగ్గుతుంది. ఉక్కు గోడ తన పూర్వస్థితికి వస్తుంది. ఇత్తడి కూడా స్థితిస్థాపకత వల్ల వెంట్రుక వాసి లోపలికి ముడుచుకుంటుంది. ఆ వెంట్రుక వాసి సందు ఏర్పడితేనే ఖోకా వదులవుతుంది. ఎక్స్‌ట్రాక్టర్ చేయవలసిన పని ఆ తరువాతనే వస్తుంది. వదులైనదానిని వెలుపలికి తీసుకురావడమే దాని ఉద్యోగం. గోడను పట్టుకొని ఉన్నదానిని పెకలించే శక్తి ఆ చిన్న కొక్కెమునకు లేదు, ఉండనవసరమూ లేదు.

కావున ఖోకా రాలేదంటే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. లాగేది సరిగా లాగలేదా? వదలవలసినది వదలలేదా? మొదటి ప్రశ్నకు సమాధానం కొత్త ఎక్స్‌ట్రాక్టర్‌తోనే దొరికింది. మిగిలినది రెండవ ప్రశ్న.

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో ఆర్మరర్ గారూ మేమూ ఖోకాలను ఒక్కొక్కటిగా పరిశీలించాము. రెండవ రైఫిల్ ఖోకాల ముందుభాగం చుట్టూ నల్లని, జిగురైన పట్టీ కనిపించింది. ఈ జాతి తూటాలలో సీసపు గుండుకు మైనమో గ్రీజో పూస్తారు. అదీ, సీసపు పొడీ, మసీ కలిసి చాంబర్ ముందువైపు గట్టి వలయంగా పేరుకున్నాయి. బ్యారెల్‌లోనికి పంపే చిందిగుడ్డ బోర్‌ను మెరిపిస్తుంది కాని, చాంబర్ మూలలో ఉన్న ఈ వలయాన్ని తాకకుండానే దాటిపోతుంది. ద్రావకంలో తడిపిన కంచు బ్రష్షుతో చాంబర్‌ను ప్రత్యేకంగా తోమగా ఆ రైఫిల్ పది నిమిషాలలో ఆరోగ్యవంతమయింది.

మొదటి రైఫిల్ కథ వేరు. దాని ఖోకాలు శుభ్రంగానే ఉన్నాయి. అయితే ప్రతి ఖోకా పైనా నిలువుగా ఒక సన్నని గీత ఉన్నది. ఈ జాతి తూటాలలో ఫైరింగ్ పిన్ తూటా అడుగు మధ్యలో కాక అంచు మీద కొడుతుంది. ఆ దెబ్బ గుంట ఏ వైపు ఉన్నదో సరిగా ఆ వైపే గీత కూడా ఉన్నది. ఒక్క ఖోకాలో అయితే కాకతాళీయమనుకొనవచ్చు. చూసిన ఏడింటిలోనూ అదే స్థానం.

అప్పుడు ఒక చిన్న పరీక్ష చేశాము. రైఫిల్ ఖాళీగా ఉన్నదని ఇద్దరమూ వేర్వేరుగా చూసిన తరువాత, దానిలోనే పేలిన ఒక ఖోకాను గుంట యథాస్థానంలో ఉండేటట్లు చాంబర్‌లో పెడితే సాఫీగా జారింది. దానినే పావు వంతు తిప్పి పెడితే అంచు దగ్గర పట్టింది. అంటే చాంబర్ ద్వారం వద్ద, పిన్ కొట్టే చోటనే, లోపలికి పొడుచుకొని ఏదో ఉన్నది. టార్చి వెలుతురులో చూస్తే అది కనిపించింది. ఉక్కు అంచు మీద చిన్న సొట్ట, ఆ సొట్ట వల్ల పక్కకు ఒరిగి చాంబర్‌లోనికి తొంగిచూస్తున్న లోహపు బర్. మన మెషిన్ షాపు వారికి బర్ అంటే వివరించనక్కరలేదు.

పేలినప్పుడు మెత్తని ఇత్తడి ఆ బర్ చుట్టూ ఒదిగిపోతున్నది. లాగినప్పుడు బర్ దానిని గీరుతూ పట్టుకుంటున్నది. తూటా లోపలికి వెళ్ళేటప్పుడే బిగుతుగా ఉన్నదని ఆ బాలిక చెప్పినదానికి అర్థం అదే. ఆమె బొటనవేలు కనిపెట్టినదానిని మేము భూతద్దంతో ధ్రువపరిచామంతే.

మరి ఆ సొట్ట ఎట్లు పడింది? దీనికి సమాధానం ఆర్మరర్ గారే ఇచ్చారు. ఫైరింగ్‌కు ముందు కేడెట్లకు వారాల తరబడి తూటా లేకుండా బోల్టు మూసి ట్రిగ్గర్ నొక్కే అభ్యాసం చేయిస్తారు. చాంబర్‌లో తూటా ఉంటే పిన్ దెబ్బను ఇత్తడి అంచు భరిస్తుంది. చాంబర్ ఖాళీగా ఉంటే, పిన్ కొద్దిగా పొడవైనా చాలు, ఆ దెబ్బ నేరుగా చాంబర్ ఉక్కు మీద పడుతుంది. ఒక్క దెబ్బకు ఏమీ కాదు. ఏళ్ళ తరబడి, వందల పిల్లల చేతులలో, వేల దెబ్బలకు ఉక్కు కూడా నలుగుతుంది. నేర్చుకొనడం కోసం చేసిన అభ్యాసమే పరీక్షనాడు అడ్డుపడిందన్నమాట.

మరమ్మతు గురించి కూడా ఒక మాట. మొలచిన లోహాన్ని ఆకురాయితో రాసివేయాలని ఎవరికైనా తోస్తుంది. అది ప్రమాదం. ఆకురాయి బర్‌తోపాటు చుట్టూ ఉన్న లోహాన్ని కూడా తింటుంది. అక్కడ పలుచని ఇత్తడికి గోడ ఆసరా లేకపోతే తొడుగు ఉబ్బి చీలవచ్చు. చీలితే వాయువు వెనక్కు వస్తుంది. అందుకు తగిన పనిముట్టు వేరే ఉన్నది. కొన వైపు క్రమంగా సన్నబడే, అద్దంలా మెరిపించిన గట్టి ఉక్కు కడ్డీ అది. దానిని చాంబర్‌లో ఒత్తి తిప్పితే ఒరిగిన లోహం తిరిగి తన చోటికి పోతుంది. లోహం పోదు, సర్దుకుంటుంది. ఆ పని అధికారికంగా వర్క్‌షాప్‌లో జరిగింది. పిన్ ఎంత ముందుకు పొడుచుకొని వస్తున్నదో కూడా అక్కడే కొలిచి సరిచేశారు. పది రోజుల తరువాత రైఫిల్ తిరిగి వచ్చింది. ఇరవై తూటాలు పేల్చితే ఇరవై ఖోకాలూ చిటికెన వేలితో బోల్టు లాగినా వచ్చిపడ్డాయి.

హవల్దార్ గారు నిజాయితీ గల మనిషి. రిజిస్టరులో తాము వ్రాసిన వ్యాఖ్యను కొట్టివేసి, 'ఆయుధ దోషము' అని వ్రాసి, తేదీ వేసి సంతకం చేశారు. ఆ బాలికకు తిరిగి ఐదు తూటాలు ఇప్పించారు. ఆమె ఆ ఏడు జట్టులో అదనపు సభ్యురాలిగా మాత్రమే ఎంపికయింది. తనకంటె బాగా కాల్చినవారు నలుగురు ఉన్నారు మరి. అందుకు ఆమె బాధపడలేదు. ఓడినా తన గురితో ఓడిపోవడం వేరు, ఇతరుల లోపాన్ని తన చేతులకు అంటగట్టుకొని ఓడిపోవడం వేరు.

ఈ వ్యవహారం తరువాత మేము ఆసక్తి కొద్దీ ఒంటి తూటా రైఫిళ్ళ చరిత్ర చదివాము. మన మైదానంలో జరిగినది పెద్ద కథలో చిన్న తునక అని తెలిసింది.

బ్రిటిష్ సైన్యం 1871లో స్వీకరించిన మార్టిని-హెన్రీ రైఫిల్ తరువాతి కాలంలో మన దేశపు సిపాయిల చేతులలోనూ మెలగింది. దాని తొలి తూటాకు పలుచని ఇత్తడి రేకును చుట్టలుగా చుట్టి తొడుగు చేసేవారు. 1884–85 సూడాన్ యుద్ధంలో ఎడారి వేడికి, ఇసుకకు ఈ చుట్టలు చాంబర్‌లో ఇరుక్కొని సైనికులను నిస్సహాయులను చేశాయి. దీనికి రెండు రకాల చికిత్సలు జరిగాయి. ఒకటి, తరువాత వచ్చిన నాలుగవ నమూనాలో మరింత బలంగా లాగగలిగేటట్లు మీటను పొడవు చేయడం. రెండవది, రేకు చుట్టకు బదులు ఒకే ఇత్తడి బిళ్ళ నుండి సాగదీసి అతుకులేని తొడుగు తయారుచేయడం. మీట పొడవు లాగే చేతికి బలం ఇచ్చింది. అతుకులేని తొడుగు లాగవలసిన అవసరాన్నే తగ్గించింది. నేటికీ తూటాల తయారీలో నిలిచినది ఈ రెండవ మార్గమే.

అమెరికాలో 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ నది ఒడ్డున సూ, షయాన్ వీరుల చేతిలో కస్టర్ దళం నశించింది. ఆ దళం చేతిలో ఉన్నవి స్ప్రింగ్‌ఫీల్డ్ 1873 నమూనా ఒంటి తూటా కార్బైన్లు. వాటి తూటా తొడుగులు రాగివి. రాగి ఇత్తడి కంటె మెత్తన. ఉబ్బిన తరువాత తగినంత ముడుచుకొనదు. పైగా తోలు పట్టీలలో ఉంచిన రాగికి చిలుము పట్టి, అది చాంబర్‌లో సున్నపు పూతలా గట్టిపడేది. ఖోకాలు ఇరుక్కొనడమే ఆ ఓటమికి కారణమని చాలాకాలం చెప్పుకున్నారు. అయితే 1983లో ఆ మైదానంలో గడ్డి తగలబడి నేల బయటపడిన తరువాత, 1984, 1985 సంవత్సరాలలో పురావస్తు శాస్త్రజ్ఞులు అక్కడి ఖోకాలను ఏరి పరిశీలించారు. కత్తి మొనతో పెకలించిన గుర్తులు ఉన్నవి నూటికి మూడు చొప్పున మాత్రమే. లోపం నిజమే, కాని ఓటమి భారమంతా దాని మీద మోపడం సరికాదని ఖోకాలే సాక్ష్యం చెప్పాయి. ఆ యుద్ధం తరువాతి సంవత్సరాలలో తొడుగులకు ఇత్తడి వచ్చింది.

ఒకచోట యంత్ర దోషాన్ని మనిషి మీద మోపారు. మరొకచోట మనుషుల ఓటమిని యంత్రం మీద మోపారు. రెండు చోట్లా నిజం చెప్పినది నేల మీద పడిన ఖాళీ తొడుగు. మన వృత్తిలో కూడా అంతే కదా! విరిగిన షాఫ్టును తుక్కులో వేసే ముందు దాని విరుగు ముఖాన్ని చూసేవాడే ఇంజనీరు. అరిగిన బేరింగును పారవేసే ముందు ఏ వైపు అరిగిందో చూసేవాడే ఫిట్టరు. కదలని బోల్టుకు పొడవైన స్పానర్, దానికి ఇనుప గొట్టం తొడగడం మన షాపులలో రోజూ చూసే దృశ్యం. పొడవైన మీట కొన్నిసార్లు పని జరిపిస్తుంది. ఎందుకు బిగిసిందన్న ప్రశ్నను మాత్రం అది రేపటికి వాయిదా వేస్తుంది.

ఈ వ్యాసం చదివే పిల్లలలో ఎన్.సి.సి. కేడెట్లు కూడా ఉంటారు. వారికి కొన్ని మాటలు. పేల్చినప్పుడు తూటా పేలకపోతే వెంటనే బోల్టు తెరవవద్దు. మూతిని లక్ష్యం వైపే ఉంచి, కనీసం అర నిమిషం ఆగి, శిక్షకుని పిలవండి. ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి. ఖోకా ఇరుక్కుంటే కత్తితో గాని సూదితో గాని పొడవవద్దు. చాంబర్ మీద పడే ప్రతి గీతా రేపటి ఖోకాను పట్టుకుంటుంది. పేలని తూటా ఇరుక్కుంటే మూతి వైపు నుండి కడ్డీ పెట్టడం ప్రాణాంతకం. ఆ పని ఆర్మరర్‌కే వదలాలి. తూటా లేని అభ్యాసం చేసేటప్పుడు శిక్షకుని అనుమతితో చాంబర్‌లో ఒక నకిలీ తూటా ఉంచండి. మన పాఠశాల శిక్షణలో 2019 నుండి ఇదే పద్ధతి పాటిస్తున్నారు. ఇంటిలో లైసెన్సు గల ఆయుధం ఉన్న పెద్దలు కూడా సొంత మరమ్మతుకు పూనుకోక, ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు పొందిన మరమ్మతుదారు వద్దకే తీసుకుపోవాలి.

ఇక షాపు ఫ్లోర్ మీద బాధ్యత వహించే మిత్రులకు మా విన్నపం ఒక్కటే. యంత్రం ఆగినప్పుడు మొదట దాని మీద చెయ్యి వేసి ఉన్న మనిషిని అడగండి. 'ఎందుకు ఆపావు?' అన్నది విచారణ అవుతుంది. 'ఆగడానికి ముందు నీ చేతికి ఎట్లు తోచింది?' అన్నది వైద్యం అవుతుంది. ఆ రెండవ ప్రశ్నకు జవాబు చెప్పడానికి హెల్పరుకు గాని, అప్రెంటిసుకు గాని, తొమ్మిదవ తరగతి బాలికకు గాని పట్టాలు అవసరం లేదు. ఆ జవాబును వ్రాసుకొనడానికి మన జేబులో ఒక పుస్తకం ఉంటే చాలు.